నాలుగో గడి

గోడ గడియారంలో పదీ పది, నా చేతి గడియారంలో పదీ ఆరు. నాదే సరైన టైము. కూర్చోగానే సరిచూసుకున్నాను, ముప్పై నాలుగేళ్ళ అలవాటు, నేను రిటైరయ్యానని నా చేతులకు ఇంకా తెలియదు. మా ఆవిడను ఎక్స్‌రే గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశారు, పైన ఎర్ర దీపం వెలుగుతోంది. నా ఒళ్ళో ఫైలు, ఫైలు మీద పుస్తకం, పుస్తకం మీద నా రెండు చేతులు, ఎవరో వచ్చి లాక్కుపోతారన్నట్టు. ఎదురుగా కౌంటరు పక్కన బరువు చూసే మిషను ఉంది. దాని మెడ దగ్గర మా శాఖ వేసే సీలు, చిన్న సీసపు బిళ్ళ, దాని మీద ఏడాది. గడువు తీరి రెండేళ్ళయిన సీలు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా ఉన్నన్నాళ్ళూ అలాంటిది కంటపడితే అక్కడికక్కడే నోటీసు రాసి చేతిలో పెట్టేవాణ్ణి, ఎవరైనా సరే, పెళ్ళివారైనా పెద్దమనుషులైనా. ఇందాక మా ఆవిడ ఆ మిషను ఎక్కింది. కౌంటరు అమ్మాయి చూసి, "రెండు కిలోలు పెరిగారే, బాగుందండీ!" అంది. మా ఆవిడ నా వంక తిరిగి కనుబొమ్మలు ఎగరేసింది, విన్నారా అన్నట్టు. మిషను తప్పు చూపిస్తోంది అనుకోవచ్చు, సీలు పాతది కదా, ఆ ఒక్క ముక్క పట్టుకుని వేలాడవచ్చు. కానీ మా ఇంట్లో ఉన్న మిషనుకు ఏటా నేనే దగ్గరుండి పరీక్ష చేయిస్తాను. పోయిన ఆదివారం అదీ రెండు కిలోలే చెప్పింది. నాలుగు ముద్దలు తిని కంచం తోసేస్తున్న మనిషి రెండు కిలోలు ఎక్కణ్ణుంచి పెరుగుతుంది? ఆ రెండు కిలోలు ఎక్కడ ఉన్నాయో ఈ హాల్లో నా ఒక్కడికే తెలుసు.

పుస్తకం మామూలు నోటు పుస్తకం. ఏడు వారాల కిందట మా ఆవిడ ఎడమ డొక్కలోంచి లోపలికి గొట్టం వేసిన రోజున, గొట్టాలు చూసే నర్సమ్మ స్కేలు పెట్టి గీతలు గీసి నా చేతికిచ్చింది. నాలుగు గళ్ళు. తేదీ, టైము, ఎంత తీశారు, ఎందుకు ఆపారు. ఊపిరితిత్తి చుట్టూ ఊరే నీళ్ళు రోజు విడిచి రోజు ఇంట్లోనే తీయాలి, ప్రతిసారీ రాయాలి, వరుసగా మూడుసార్లు యాభై మిల్లీలీటర్ల కన్నా తక్కువ వస్తే లోపల పొరలు రెండూ అతుక్కుని నీరు ఆగిపోయిందని లెక్క, అప్పుడు ఫోటో తీసి చూసి గొట్టం పీకేస్తాం అని చెప్పింది. మొదటి మూడు గళ్ళూ నా చేతిరాతతో నిండిపోయి ఉన్నాయి, ముత్యాల్లాంటి అంకెలు. ఎనిమిది వందల యాభై, ఏడు వందలు, ఆరు వందల ఇరవై. అలా దిగుతూ దిగుతూ చివరికి నలభై అయిదు, నలభై, ముప్పై అయిదు. పోయిన వారం కట్టు మార్పించుకోవడానికి వచ్చినప్పుడు డాక్టరమ్మ దీన్ని తిరగేసి, "ఇంత చక్కగా రాసిన పుస్తకం నేను చూళ్ళేదండీ, మావాళ్ళకి చూపించాలి" అంది. నిజంగానే పక్క గదిలోంచి ఇద్దరు కుర్ర డాక్టర్లను పిలిచి చూపించింది. నాకు చెవులు వేడెక్కాయి. సంతోషం అనుకున్నారు అందరూ. నాలుగో గడి వంక ఎవరూ చూడలేదు. మొదటి పదిహేను వరుసల్లో అక్కడ 'ఆగిపోయింది' అని ఉంటుంది. ఆ తర్వాత ఏమీ ఉండదు, కింది దాకా తెల్ల కాగితమే.

ఆవిడ మాత్రం ఆ రోజు నుంచీ గాల్లో తేలుతోంది. పక్కింటివాళ్ళకు చెప్పింది, కూతురికి ఫోన్లో చెప్పింది, తనతో పనిచేసిన టీచర్లందరికీ పేరుపేరునా చెప్పింది, ఎండిపోయిందట, గొట్టం తీసేస్తారట అని. ఒక్కో ఫోనుకు మధ్యలో ఎన్నిసార్లు ఊపిరి తీసుకుందో పక్క గదిలో కూర్చుని నేను లెక్కపెట్టాను. ఇవాళ పొద్దున ఆటోలో నా మోకాలు మీద చెయ్యి వేసి, "ఇవాళ రాత్రి మీ వైపు తిరిగి పడుకుంటానండీ, గోడని చూసీ చూసీ విసుగొచ్చింది" అంది. మంచం మీద గోడవైపు ఆవిడ, ఇవతల నేను, పెళ్ళయిన నాటి నుంచీ అంతే. నా వైపు తిరగాలంటే ఎడమ పక్కకు ఒత్తిగిలాలి, ఎడమ పక్కన గొట్టం. ఏడు వారాలుగా నాకు ఆవిడ వీపు, దిండ్లు కనిపిస్తున్నాయి. మొదట్లో రెండు దిండ్లు. ఆ మధ్య మూడయ్యాయి. ఇప్పుడు నాలుగు, అంటే పడుకోవడం కాదు, కూర్చుని కునకడం. నాలుగో దిండు ఎందుకని నేనూ అడగలేదు, తనూ చెప్పలేదు. ఆటోలో నేను కిటికీలోంచి బయటికి చూస్తూ "అలాగే" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో నా నోట్లోంచి ఆ మాట.

ఊపిరి అంటే మా ఆవిడదే ఊపిరి. డ్రిల్లు టీచరు. నాలుగు వందల మంది పిల్లలను మైకు లేకుండా నిలబెట్టిన గొంతు. మెడలో ఈల ఉండేది కానీ అది అలంకారానికే అనేవారు తోటి టీచర్లు. పెళ్ళిచూపుల్లో అబ్బాయి ఏం చేస్తాడని వాళ్ళ నాన్న అడిగితే తూకాలు చూస్తానండీ అన్నాను, లోపలి గదిలోంచి నవ్వు వినిపించింది, ఇల్లంతా వినిపించింది, అప్పటి నుంచి నేను తక్కెడ గారినయ్యాను. ఇంట్లో ఉప్పు ఎక్కువైతే తక్కెడ గారిని పిలవండి, పిల్ల మార్కులు తగ్గితే తక్కెడ గారు ఏమంటారో. ఆరేళ్ళ కిందట రొమ్ములో గడ్డ వచ్చి ఆపరేషన్ అయినప్పుడు కూడా, "ఒక పక్క తేలికైపోయాను, తక్కెడ గారూ, మీరే సరిచూడాలి" అని నన్ను ఏడిపించి తను నవ్వింది. అది తగ్గిందనుకున్నాం. నిరుడు మెట్ల మీద ఆగడం మొదలుపెట్టింది. ఆయాసం అనలేదు, మోకాళ్ళు అంది. ఈల నోట పెట్టుకుని ఊదితే సగంలో తెగిపోయిందని, ఆ రోజు నుంచి చప్పట్లతో పని నడుపుతోందని, ఆమె స్కూల్లో తోటి టీచరు చెబితే తప్ప నాకు తెలియలేదు. ఒక్క చప్పట అంటే మొదలుపెట్టు. రెండు చప్పట్లంటే ఆపు. మైదానంలో ఎంత దూరాన ఉన్న పిల్లలైనా ఆ రెండు చప్పట్లకు ఎక్కడివాళ్ళక్కడ ఆగేవారట.

గొట్టం వేయకముందు, మొదటిసారి సూదితో నీరు తీసినప్పుడు లీటరున్నర వచ్చింది. బల్ల మీద దిండు పెట్టుకుని దాని మీదికి వాలి కూర్చుంది, వీపు నాకు కనిపిస్తోంది, సూది, సన్నటి గొట్టం, చిక్కటి టీ రంగు నీరు. అయిపోయాక సీసా చూపించమంది. చూసి, "ఇంత మోశానా నేను!" అంది, చాలా గొప్పగా. ఆ రోజు ఇంటికెళ్ళి మెట్లన్నీ ఆగకుండా ఎక్కింది, పైన నిలబడి నా కోసం రెండు చేతులూ నడుముకు పెట్టుకుని చూసింది, రండి రండి ఏమిటా నడక అంటూ. పదకొండు రోజులు. పన్నెండో రోజు మళ్ళీ మోకాళ్ళ మాట మొదలైంది. రెండోసారి సూది, తొమ్మిది రోజులు. ఎందుకండీ మళ్ళీ మళ్ళీ ఊరుతోంది, మూలం ఎక్కడుందో అక్కడ మూసేయలేరా అని అడిగాను, కుళాయి సంగతి అడిగినట్టు అడిగాను. డాక్టరమ్మ ఓపిగ్గా కాగితం మీద బొమ్మ గీసింది. ఊపిరితిత్తి చుట్టూ పొర ఉంటుంది, పాత గడ్డ తాలూకు గింజలు ఆ పొర మీదికి వచ్చి కూర్చున్నాయి, పొర చెమరుస్తూనే ఉంటుంది, ఆ చెమ్మ నిండి ఊపిరితిత్తిని నొక్కేస్తుంది. ఇది రోగాన్ని తగ్గించే పని కాదు, ఊపిరి ఆడించే పని, అంతే, అంది. అంతే అన్న ఆ మాట ఆవిడ విన్నదో లేదో గానీ, "ఆడిస్తే చాలు, పాడించక్కర్లేదు" అంది మా ఆవిడ.

పక్క కుర్చీలో ఒక మనిషి వచ్చి కూర్చున్నాడు. ఖాకీ చొక్కా, చేతిలో తాళాల గుత్తి, బస్సు డ్రైవరుననీ డ్యూటీ మార్పించుకుని వచ్చాననీ నేను అడక్కముందే చెప్పాడు. వాళ్ళమ్మను చక్రాల కుర్చీలో తెచ్చి వరుసలో పెట్టాడు. ఈ హాల్లో ఎవరూ ఎవరినీ పేరు అడగరు, ఊరు అడగరు.

"మీకెన్ని లీటర్లండీ?" అన్నాడు.

"ఇప్పటికి పది దాటింది."

"మా అమ్మకి పదహారు. ఏడుసార్లు సూది, తర్వాత గొట్టం." నాకన్నా పైచేయి అయినందుకు అతని మొహంలో ఒక్క క్షణం ఏదో వెలిగి, సిగ్గుపడి ఆరిపోయింది. తప్పులేదు, నేనూ ఒకసారి ఇలాగే ఎవరి దగ్గరో లీటర్లు చెప్పుకున్నాను. కాసేపు తాళాలు తిప్పుతూ కూర్చుని మళ్ళీ అందుకున్నాడు. పౌడర్ లాంటిది పోసి పొరలు అతికించే పద్ధతి ఉందట కదండీ, మాకు కుదరదన్నారు, లోపల ఊపిరితిత్తి బాగా విచ్చుకునే వాళ్ళకే అది పట్టేది అన్నారు. మాకు గొట్టమే చాలన్నారు అన్నాను. నా దృష్టి ఎర్ర దీపం మీద ఉంది. అతను గొంతు తగ్గించాడు.

"గొట్టం వేశాక హాయిగానే ఉందండీ. తర్వాత ఏమైందో, నీళ్ళు రావడం మానేసింది. ఫోటో తీస్తే లోపల నిండా ఉంది. గొట్టం మూసుకుపోయిందని పీకేసి, పైన ఇంకో చోట బెజ్జం పెట్టి కొత్తది వేశారు. మత్తు ఇచ్చారనుకోండి. అయినా రెండో దానికి అమ్మ అరిచిన అరుపు..." ఆగి, వాళ్ళమ్మ వైపు చూసి, "బస్సు నడుపుతుంటే కూడా వినిపిస్తుందండీ ఒక్కోసారి" అన్నాడు.

నా చేతుల కింద పుస్తకం అట్ట తడిసింది. రాత్రంతా ఎక్స్‌రే నాకు సాయం చేస్తుందనే అనుకున్నాను, పిరికివాళ్ళు ఎప్పుడూ ఎవరో ఒకరి సాయం మీద లెక్కలు వేసుకుంటారు. ఫోటోలో నీళ్ళు కనిపిస్తాయి, గొట్టం ఉంచేయండి అంటారు, నేను నోరు విప్పక్కర్లేదు, ఆవిడ కళ్ళల్లో నేను మనిషిగానే మిగులుతాను, ఇదీ నా లెక్క. ఇప్పుడు చూస్తే లెక్క అడ్డం తిరిగింది. ఫోటోలో నిండా నీళ్ళు, నా పుస్తకంలో ముప్పై అయిదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకున్న డాక్టరు ఎవరైనా ఏమనుకుంటారు? ఈయన రాసింది తప్పు అనుకోరు, ముత్యాల్లాంటి అంకెలాయె. గొట్టమే మూసుకుపోయింది అనుకుంటారు. బాగున్న గొట్టం పీకి, బాగున్న చోట ఇంకో బెజ్జం పెడతారు. నా చేతిరాత అందంగా ఉన్నందుకు మా ఆవిడ అరవాలి.

గొట్టం మూసుకుపోలేదు. నాకు తెలుసు. పొద్దున పదింటికి, కిటికీ పక్కన కుర్చీలో, చేతులు కడుక్కుని, మళ్ళీ కడుక్కుని, తొడుగులు వేసుకుని, గొట్టం మూతి తుడిచి, గాలి లాగేసిన సీసాకు తగిలించి క్లిప్పు వదిలేవాణ్ణి. నీరు గొట్టంలో పరిగెత్తేది. సీసా మీద గీతలు ఉంటాయి కానీ కంపెనీ గీతలను నేను నమ్మను, సీసాలోది నా గాజు కొలపాత్రలో పోసి, కంటి మట్టానికి ఎత్తి పట్టి చూసి రాసేవాణ్ణి. పదిహేనుసార్లు బాగానే నడిచింది. పదహారోసారి మూడు వందల దగ్గర ఆవిడ మొహం మారింది. లోపల ఎవరో గుప్పెట బిగించి పిండుతున్నట్టుందట. ఆ తర్వాత దగ్గు, ఊపిరి తీసుకునే సందు ఇవ్వని దగ్గు. మాట రాక రెండు చప్పట్లు కొట్టింది. నేను క్లిప్పు నొక్కేశాను. నొప్పి వస్తే ఆపేయండి అని నర్సమ్మ చెప్పిందే కదా, ఆపి నాలుగో గడిలో రాయండి, మాకు ఫోన్ చేయండి అని కూడా చెప్పింది. పెన్ను తీశాను. 'నొప్పి' అని రాస్తే ఆసుపత్రికి రమ్మంటారు, మళ్ళీ బల్ల, మళ్ళీ దిండు, మళ్ళీ ఆ వీపు చూడాలి. రేపు రాద్దాంలే అనుకున్నాను. తర్వాతిసారి రెండు వందల దగ్గరే చప్పట్లు. ఆ తర్వాత చప్పట్ల దాకా ఆగలేకపోయాను. తువ్వాలు మూట కట్టి పళ్ళ మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చుంటుంది, ఆ కూర్చోవడం చూడలేక, నూట ఇరవై దగ్గర, ఎనభై దగ్గర, తర్వాత నలభై అయిదు దగ్గర నేనే క్లిప్పు నొక్కేశాను. నొక్కేటప్పుడు గొట్టంలో నీరు ఇంకా పారుతూనే ఉంది. నా వేలి కింద అది ఆగడం నాకు తెలిసింది. కళ్ళు తెరిచి, "అయిపోయిందా?" అంది. "అయిపోయింది" అన్నాను. ఆ మాటకు ఆవిడ మొహం ఎలా విప్పారిందంటే, ఇంకెవరైనా ఆ మాట మళ్ళీ చెప్పకుండా ఉండలేరు. నేనూ ఉండలేకపోయాను. ఏడుసార్లు చెప్పాను.

అంకెల్లో అబద్ధం లేదు, అదీ నా గొప్ప. నలభై అయిదు వస్తే నలభై అయిదే రాశాను, ఒక్క చుక్క అటూ ఇటూ కాదు. ఎప్పుడో ఒకసారి, పాల కేంద్రం నడిపే మనిషిని పట్టుకున్నాను. వాడి కొలపాత్ర మా శాఖ సీలు వేసినదే, పరీక్షిస్తే తిరుగులేదు. కానీ వాడు పాలు జానెడు ఎత్తు నుంచి పోసేవాడు, నురగ పొంగి పాత్ర అంచు దాకా వచ్చేది, నురగతోనే కొలిచి ఇచ్చేసేవాడు. నేను గడియారం చూసుకుంటూ నిలబడి నురగ దిగేదాకా ఆగాను. పది శాతం తక్కువ. "పాత్ర మీరు సీలేసిందే కద్సార్, నేనేం తప్పు చేశాను?" అన్నాడు. "పాత్ర అబద్ధం చెప్పలేదయ్యా, నువ్వు చెప్పావు" అన్నాను. ఎంత బాగా అన్నానో అని నాకే ముచ్చటేసి ఈ సంగతి ఇంట్లో కొన్ని వందలసార్లు చెప్పి ఉంటాను, చుట్టాలొస్తే చెప్పాను, అల్లుడికి చెప్పాను, చివరికి నేను మొదలుపెట్టగానే మా ఆవిడే ఆ మాట అందుకుని పూర్తి చేసేసేది, నా గొంతుతో. ఆ మనిషి మొహం ఇప్పుడు గుర్తుకు వస్తోంది. వాడికి ఇంట్లో ఎవరున్నారో నేను అడగలేదు.

జేబులో పెన్ను ఉంది. తీశాను. తొమ్మిది ఖాళీ గళ్ళు, తొమ్మిదిసార్లు 'నొప్పి, నేనే ఆపాను' అని రాసేస్తే ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు, డాక్టరమ్మ తనే చదువుకుంటుంది. మొదటి గడి దగ్గర పెన్ను ములికి పెట్టి ఆగిపోయాను. జరిగిన తర్వాత రోజు తీరిగ్గా కూర్చుని రికార్డు నింపిన కిందివాళ్ళను నేను ఎంతమందిని నిలబెట్టి అడిగాను? ఖాళీ వదిలితే బద్ధకం, వెనక్కెళ్ళి నింపితే దొంగతనం అనేవాణ్ణి. పెన్ను మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. నోటితోనే చెప్పాలి, ఆవిడ వింటుండగా చెప్పాలి. చెబితే గొట్టం ఉంటుంది. గోడ ఉంటుంది. ఫోన్లు చేసి అందరికీ చెప్పుకున్న మాట వెనక్కి తీసుకోవాలి ఆవిడ. అంతకన్నా, అయిపోయింది అని ఇంకెప్పుడు నేనన్నా ఆవిడ నమ్మదు. చెప్పకపోతే ఒక్క అరుపు, అదీ మత్తులో, ఆ తర్వాత కొత్త గొట్టంలోంచి నీళ్ళు ఎలాగూ వస్తాయి, అన్నీ సర్దుకుంటాయి, నేను తక్కెడ గారిగానే ఉండిపోతాను. చూడు, మనసు ఎంత త్వరగా బేరం మాట్లాడుతుందో. నా మీద నాకే అసహ్యం వేసింది.

దీపం ఆరింది. తలుపు తెరుచుకుని మా ఆవిడ బయటికి వచ్చింది. చీర కొంగు సర్దుకుంటూ, గొట్టం చుట్ట ఉన్న చోట చెయ్యి అడ్డం పెట్టుకుంటూ. తలుపు నుంచి నా కుర్చీ దాకా ఇరవై అడుగులు. ఏడో అడుగు దగ్గర ఆగి గోడకు ఉన్న బొమ్మ చూసింది, చేతులు కడుక్కునే పద్ధతి బొమ్మ, దానిలో చదవడానికి ఏముంది. గోడ మీద అరచెయ్యి ఆనించి, భుజాలు పైకీ కిందికీ, పైకీ కిందికీ. పద్నాలుగో అడుగు దగ్గర మంచినీళ్ళ కూజా చూసింది. వచ్చి నా పక్కన కూర్చుని ఊపిరి తీసుకుంది. తర్వాత, "ఫోటో తీసే అమ్మాయి... ఊపిరి బిగపట్టమంది" అంది. "బిగపట్టడానికి... ఉండొద్దూ!" నవ్వింది. డ్రైవరు కూడా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. నా మొహం చూసి, "మీకేమైంది, గొట్టం మీకు తీస్తున్నట్టు?" అంది. అప్పుడే చెప్పేయాల్సింది, ఆవిడకు ముందు చెప్పి తర్వాత లోపలికి వెళ్ళాల్సింది, నోటి దాకా వచ్చింది. మా నంబరు పిలిచారు.

డాక్టరమ్మ గదిలో కంప్యూటరు తెర మీద ఆవిడ ఛాతీ. కుడి వైపు నల్లగా, పక్కటెముకలు వరుసగా. ఎడమ వైపు సగం పైదాకా తెలుపు. నాకు ఇవన్నీ చదవడం రాదు కానీ మట్టం చూడటం వచ్చు, ఏ పాత్రలో అయినా. డాక్టరమ్మ తెర చూసి, పుస్తకం చూసి, మళ్ళీ తెర చూసింది. "చిత్రంగా ఉందే" అంది. గొట్టాల నర్సమ్మ కూడా వంగి చూసింది. "పుస్తకం ప్రకారం ఎండిపోవాలి. ఫోటోలో నిండుగా ఉంది. అయితే గొట్టం పనిచేయట్లేదన్నమాట." డాక్టరమ్మ మా ఆవిడ వైపు తిరిగి మెల్లగా, "అమ్మా, ఇది తీసేసి ఇంకోచోట కొత్తది వేద్దాం. ఇవాళే చేసేద్దాం, మీకు ఆయాసంగా ఉందిగా" అంది.

మా ఆవిడ చెయ్యి బల్ల అంచు పట్టుకుంది. వేళ్ళు తెల్లబడ్డాయి. తీస్తారనుకుని వచ్చిన మనిషి.

"గొట్టం బాగానే ఉందండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నేనే ఆపేశాను. నొప్పితో... చూడలేకపోయాను. ఇంకా వస్తుండగానే ఆపేశాను. తొమ్మిదిసార్లు."

డాక్టరమ్మ పుస్తకం తనవైపు తిప్పుకుని, వేలు నాలుగో గడిలో పెట్టి పైనుంచి కిందికి జరిపింది. మా ఆవిడ నా వైపు పూర్తిగా తిరిగింది. అరుస్తుందనుకున్నాను. అరవడానికి ఊపిరి లేదు.

"అయిపోయింది... అన్నారుగా."

నేను నేల చూపులు చూశాను.

"ప్రతిసారీ అడిగాను. ప్రతిసారీ... అయిపోయిందన్నారు." కాసేపు ఊపిరి కూడగట్టుకుంది. ఇంకేదో పెద్ద మాట వస్తుందనుకున్నాను, దేనికైనా సిద్ధంగా ఉన్నాను. "పాల కేంద్రం..." అంది, అంతటితో ఆపేసి మొహం తిప్పుకుంది. పూర్తి చేయనక్కర్లేదు. ఆ మాట ఇద్దరికీ కంఠతా వచ్చు.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు, తిడితే బాగుండేది. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎంత తీశాక వచ్చింది, దగ్గు ముందా నొప్పి ముందా అని అడిగి నేను చెప్పిందల్లా రాసుకుంది. తర్వాత కాగితం మీద ఇంకో బొమ్మ గీసింది. ఊపిరితిత్తి మీద గట్టి తొడుగులా పేరుకుంది, అది ఇక పూర్తిగా విచ్చుకోదు, అందుకే నీళ్ళన్నీ లాగబోతే పిండినట్టు నొప్పి వస్తుంది. పూర్తిగా తీయకూడదు, ఆయాసం తగ్గేంత తీసి ఆపేయాలి, అరగంట ముందు నొప్పి మాత్ర వేసుకోవాలి, క్లిప్పు సగమే వదిలి నిదానంగా తీయాలి.

"అంటే ఆపడం తప్పు కాదా?" అన్నాను, సిగ్గు లేకుండా.

"ఆపడం తప్పు కాదండీ. ఆపానని చెప్పకపోవడమే. మూడు వారాల కిందటే చెప్పి ఉంటే ఈ మూడు వారాలూ ఆవిడ నిద్రపోయేవారు."

మా ఆవిడ తెర వంకే చూస్తోంది. "మరి గొట్టం... ఎప్పుడు తీస్తారు?"

"తీయమమ్మా. ఊపిరితిత్తి విచ్చుకోకపోతే పొరలు అతుక్కోవు. నీరు ఊరుతూనే ఉంటుంది. ఉన్నన్నాళ్ళూ ఉంచుదాం."

"ఏది ఉన్నన్నాళ్ళు? గొట్టమా, నేనా?"

డాక్టరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. మా ఆవిడే మెల్లగా చెయ్యి విడిపించుకుని, సరేలెండి, ముందు ఈ నీళ్ళు తీయండి, మోయలేకపోతున్నాను అంది.

నొప్పి మాత్ర ఇచ్చి అరగంట కూర్చోబెట్టారు. నర్సమ్మ సీసా తెచ్చి నా చేతికే ఇచ్చింది, ఇంట్లో చేసేది మీరే కదా, నా ముందు చేయండి అంది. చేతులు కడుక్కున్నాను, మళ్ళీ కడుక్కున్నాను. తగిలించి క్లిప్పు సగం వదిలాను. టీ రంగు నీరు నింపాదిగా నడిచి సీసాలోకి దిగింది, ఏ అడ్డూ లేకుండా. వంద, రెండు వందలు. ఆవిడ భుజాలు దిగడం మొదలైంది. నాలుగు వందలు. మెడ దగ్గర నరాలు కనిపించడం మానేశాయి. ఐదు వందల దగ్గర ఆవిడ ఊపిరి, పూర్తి ఊపిరి ఒకటి తీసుకుంది, అలాంటిది విని ఎన్నాళ్ళయిందో. ఇన్నాళ్ళూ నేను వేలితో ఆపింది ఇదే. ఆరు వందల యాభై దగ్గర మొహం చిట్లించి, రెండు చప్పట్లు కొట్టింది. క్లిప్పు నొక్కాను. గొట్టంలో నీరు నా వేలి కింద ఆగింది.

కళ్ళు తెరిచింది. ఏమీ అడగలేదు. అడగదని తెలుసు, ఇక ఎప్పుడూ అడగదు.

"అయిపోలేదు. లోపల ఉంది ఇంకా" అన్నాను, అడక్కుండానే.

"రాయండి" అంది.

తేదీ రాశాను, టైము నా చేతి గడియారం ప్రకారం, ఆరు వందల యాభై. నాలుగో గడిలో, నొప్పి, ఆపమంది, ఆపాను, లోపల మిగిలింది, అని రాశాను. గడి చాలక కింది గీత మీదికి దిగింది. నా అంకెలంత అందంగా రాలేదు ఆ అక్షరాలు. ఆవిడ పుస్తకం లాక్కుని చదివింది, పైనున్న తొమ్మిది ఖాళీ గళ్ళు కూడా చదివినట్టే చూసి, మూసి నా ఒళ్ళో పెట్టింది.

బయటికి వచ్చేటప్పుడు ఇరవై అడుగులూ ఆగకుండా నడిచింది. బరువు చూసే మిషను పక్కనుంచే వెళ్ళాం, ఎక్కలేదు. డ్రైవరు కుర్చీ ఖాళీగా ఉంది, వాళ్ళమ్మను లోపలికి తీసుకెళ్ళినట్టున్నారు. వాకిట్లో ఆటో కోసం నిలబడ్డాం. ఎండ. ఆవిడ నాకు రెండడుగుల దూరంలో, రోడ్డు వైపు చూస్తూ.

"మంచం మీద ఇవాళ్టి నుంచి మీరు గోడవైపు పడుకోండి" అంది, నా వైపు చూడకుండానే.

అర్థం కాలేదు నాకు.

"నేను మీ చోటుకి వస్తాను. అప్పుడు కుడి పక్కకి తిరిగినా మీరే ఉంటారు. ఏడు వారాల్లో ఈ మాత్రం తట్టలేదు, మహా ఇన్‌స్పెక్టరు." గొంతులో కోపం అలాగే ఉంది. "నేను ఆపమన్నప్పుడు మీ మొహం నాకు కనిపించాలి. ఇక మీ మాట నాకక్కర్లేదు, మొహం చూసి తెలుసుకుంటాను."

గోడవైపు పరుపు ఆవిడ వాటంగా లోతుకు పోయింది, ఇన్నేళ్ళ నుంచీ ఒకే మనిషి, ఒకే పక్క. ఆ గుంటలో నేను పడుకోవాలి. ఆవిడ పక్కనే ఉండి, నా వైపు తిరిగి ఊపిరి తీసుకుంటుండగానే, ఆవిడ చోటులో పడుకోవడం నేను అలవాటు చేసుకోవాలి. ఆటో వచ్చి ఆగింది. సరే అన్నాను.